నెల్లూరు పాత సమాధుల తోటలకు తాళాలు: లోపలికి పోయేదెట్లా?

పెన్నా ఒడ్డు
ఆదివారం, ఉదయం 7.15

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది నెల్లూరులో, ముప్పై ఏళ్ళుగా ఉండేది హైదరాబాదులో. పోయిన వారం మా ముత్తాత సమాధి చూద్దామని ఊరికి వచ్చి, చూడకుండానే తిరిగి పోయాను. ఆ బాధతో రాస్తున్నాను.

చిన్నప్పుడు మా నాయన ప్రతి ఈస్టరుకూ మమ్మల్ని చీకటుండగానే లేపి సమాధుల తోటకు తీసుకుపోయేవాడు. ఆయన చేతిలో కొవ్వొత్తుల ప్యాకెట్టు, అమ్మ చేతిలో బంతిపూలు. తోటంతా జనం, పాటలు, ఎటు చూసినా దీపాలు. నాయన ఒక రాయి దగ్గర ఆగి, కండువాతో మట్టి దులిపి, "ఈయన మా తాత" అనేవాడు. అది ఎన్నో వరసలో ఉంది, రాయి మీద ఏం రాసుంది అని మేం ఎప్పుడూ అడగలేదు. నాయన ఉన్నాడు కదా, ఆయనకు తెలుసు కదా అనుకున్నాం. నాయన పోయి ఆరేళ్ళయింది.

ముత్తాతది కనిగిరి వైపు పల్లె. ధాత కరువులో, అంటే 1876-78 కరువులో, ఇంటిల్లిపాదీ కట్టుబట్టలతో బకింగ్‌హాం కాలువ పనికి పోయారు. ఒంగోలు మిషన్‌లో ఉన్న క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించిన సంగతి మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ముత్తాతకు పదేళ్ళు. తట్టలు మోశాడు. తర్వాత అక్షరాలు నేర్చుకుని, మిషన్ తరఫున వాక్యం చెప్పే ఉపదేశి అయ్యాడు. పల్లెపల్లెకూ నడిచి పోయి, చివరికి నెల్లూరులో కన్నుమూశాడు. ఆయన ఫోటో మా దగ్గర లేదు. చేతిరాత లేదు. ఉన్నది ఆ రాయి ఒక్కటే.

గేటుకు తాళం వేసి ఉంది. కాపలా ఆయన ఆఫీసులో కాగితం తెమ్మన్నాడు. ఆఫీసులో సోమవారం రమ్మన్నారు. సోమవారం పోతే, "కుటుంబం వాళ్ళే అని రుజువు ఏదైనా ఉందా?" అని అడిగారు. ఎనభై ఏళ్ళు దాటిన సమాధికి నేను ఏం రుజువు చూపించాలి? మధ్యాహ్నం బండికి టికెట్ ఉంది, వెళ్ళిపోయాను.

ఏ తోట, ఎవరి కమిటీ అని ఇక్కడ రాయను. తగవు పెట్టుకోవాలని లేదు, పని జరగాలి. మీలో ఎవరైనా ఇట్లాంటి పాత తోటల్లోకి పోయారా? ఎట్లా పోయారు? వారానికో నెలకో ఒక పూట అందరికీ తెరిచి పెట్టమని అడగడం తప్పా?

బాలాజీనగర్ కుర్రోడు
ఆదివారం, ఉదయం 8.02

అన్నా, చాలా చోట్ల వెనక గోడ కూలిపోయే ఉంటుంది. మేం క్రికెట్ బంతి కోసం అటు నుంచే దూకేవాళ్ళం. ఎవరూ ఏమీ అనరు.

పాత మున్సిపాలిటీ
ఆదివారం, ఉదయం 9.30

బాబూ, బంతి కోసం పిల్లలు దూకడం వేరు, పెద్దవాళ్ళు దూకడం వేరు. ఆ సలహా ఇవ్వొద్దు. సమాధుల స్థలంలోకి ఇతరుల మనసు నొప్పించే ఉద్దేశంతో అక్రమంగా చొరబడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో 297వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 301. ముత్తాతకు పువ్వు పెట్టడానికి పోయేవాడికి ఆ ఉద్దేశం ఉండదు, నిజమే. కానీ కేసు పెట్టేవాడు అది ఆలోచించి పెట్టడు. గోడ దూకిన మనిషి ముందు దొంగగానే కనపడతాడు.

పెన్నా ఒడ్డు గారూ, నేను పాతికేళ్ళు మున్సిపాలిటీలో చేశాను, అందులో ఎక్కువ కాలం జనన మరణాల సెక్షన్‌లో. నెల్లూరు 1866లో మున్సిపాలిటీ అయింది, 2004లో కార్పొరేషన్ అయింది. ముత్తాత పోయిన సంవత్సరం ఒకటి రెండేళ్ళ తేడాలో తెలిసినా చాలు, మరణాల రిజిస్టర్‌లో వెతికించి నకలు కోసం దరఖాస్తు పెట్టండి. పాత పుస్తకాలు చెదలు పట్టినవి పోగా మిగిలినవి ఉంటాయి. పేరు, తండ్రి పేరు, వీధి దొరికితే అదే మీ రుజువు. ఈసారి ఆఫీసుకు నోటి మాటతో పోవద్దు. ఒక తెల్లకాగితం మీద మీరెవరో, ఎవరి సమాధి కోసమో, ఏ తేదీన ఎన్ని గంటలకు వస్తారో రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద సంతకం వేయించుకోండి. కాగితం ఉంటే కింద కూర్చున్న గుమాస్తాకు కూడా ధైర్యం. చాలాసార్లు వాళ్ళు కాదనేది మనమీద కోపంతో కాదు, రేపు పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలియక.

గంట స్తంభం
ఆదివారం, మధ్యాహ్నం 1.40

ప్రార్థన అయ్యాక వచ్చి చదివాను. నేను ఒక సమాధుల తోట కమిటీలో సభ్యుణ్ణి. మీరు పోయినది మాదో కాదో నాకు తెలియదు. మాదే అయితే, మీరు తిరిగి పోవలసి వచ్చినందుకు క్షమించండి.

కానీ తాళం ఎందుకు పడిందో కూడా వినండి. మేం చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఆ గేటుకు తాళమే లేదు. మొదట పోయినవి ఇనప కటకటాలు. దొరల గోరీల చుట్టూ బల్లేల్లాంటి మొనలతో ఇనప కంచెలు ఉండేవి, ఒక్కొక్కటీ కోసుకుపోయి పాత ఇనుముకు అమ్ముకున్నారు. తర్వాత చలవరాతి పలకలు. అక్షరాల్లో పోసిన సీసం కూడా గీకి పట్టుకుపోయారు. రాత్రిళ్ళు సీసాలు, పేకాట. ఒకరోజు ఉదయం నేనే వెళ్ళి, మూడు నెలల పసిబిడ్డ సమాధి మీద పగలగొట్టిన సీసా పెంకులు ఏరాను. ఆ రోజు సాయంత్రమే కమిటీ కూర్చుని తాళం కొన్నది.

దానికి తోడు స్థలం. ఊరి నడిబొడ్డున ఎకరాల్లెక్కన ఖాళీగా కనపడే నేల మీద ఎంతమంది కన్ను పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక పక్క గోడను ఆనుకుని మట్టి పోస్తారు, ఆరు నెలలకు అది దారి అవుతుంది, ఏడాదికి బంకు వెలుస్తుంది. ఈ మధ్య కొందరు కుర్రాళ్ళు వచ్చి సమాధుల మీద ఎక్కి వీడియోలు తీసి పెట్టారు. ఆ సమాధి తాలూకు ముసలమ్మ నా ఇంటికి వచ్చి ఏడ్చింది.

ఉన్నది ఒక్క కాపలాదారు. ఆయనకు ఇచ్చే జీతం చెప్పుకోవడానికి నాకు సిగ్గు. ఈస్టరుకు, నవంబరు 2న సమాధుల పండుగకు తెరుస్తాం. మిగతా రోజుల్లో ఎవరైనా అడిగితే ఎవరో ఒకరం దగ్గరుండాలి. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే. ఎట్లా చేయమంటారు?

కందుకూరు మాస్టారు
ఆదివారం, సాయంత్రం 5.20

గంట స్తంభం గారు చెప్పిన ప్రతి మాటా నిజమే. నేను నలభై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పాను, సెలవుల్లో ఇట్లాంటి చోట్లు తిరిగాను. తాళం వేసినవీ చూశాను, వేయనివీ చూశాను. తాళం వేసిన వాటిలో దొంగతనం ఆగింది గానీ చిల్లకంప ఆగలేదు. మనుషుల అడుగు పడని నేలను అది రెండు వానలకే కమ్మేస్తుంది. దాని వేర్లు ఇటుక గోరీలను చీల్చేస్తాయి. కాబట్టి తాళం వేశాం కదా భద్రంగా ఉంది అనుకోవద్దు.

ఇతర ఊళ్ళు ఏం చేశాయో చూద్దాం. మనకు దగ్గరలోది పులికాట్, మన పెద్దల మాటలో ప్రళయకావేరి. తడ దాటి తమిళనాడులోకి పోతే వస్తుంది. డచ్చివాళ్ళు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. వాళ్ళ సమాధుల తోట ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ద్వారానికి రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి, లోపల రాళ్ళ మీద డచ్చి అక్షరాలు ఇప్పటికీ చదివేటట్టు ఉంటాయి. కలకత్తా పార్క్ స్ట్రీట్ సమాధుల తోట 1767 నాటిది, క్రైస్తవ బరియల్ బోర్డు చేతిలో ఉంది, చిన్న టికెట్ పెట్టి తెరుస్తారు. లండన్‌లో హైగేట్ తోట డబ్బుల్లేక మూతపడి అడవిలా అయిపోతే 1975లో చుట్టుపక్కల జనమే సంఘం పెట్టుకుని చెట్లు కొట్టి బాగుచేశారు.

అమెరికాలో న్యూ ఆర్లియన్స్ ఊళ్ళో 1789 నాటి సెయింట్ లూయీ ఒకటో నంబరు తోట కథ మన గంట స్తంభం గారి కథ లాంటిదే. జనం వచ్చి సమాధుల మీద గీతలు గీసి రంగులు పూసేవాళ్ళు. ఓపిక పట్టి పట్టి 2015 మార్చి నుంచి లైసెన్సు ఉన్న గైడుతో తప్ప రానివ్వడం మానేశారు. కానీ అక్కడ సమాధులున్న కుటుంబాలకు మాత్రం పాసులిచ్చారు. చూడవచ్చే వాళ్ళకు కట్టడి పెట్టారు, బంధువులకు కాదు. మన దగ్గర ఆ తేడా లేదు. ముత్తాత కోసం వచ్చినవాడూ వీడియో కోసం వచ్చినవాడూ ఒకే తాళం ముందు నిలబడాలి.

ఇంకో మాట. ఇది నా గుండెలో చాలాకాలంగా ఉంది. 1905లో రెండు పుస్తకాలు అచ్చయ్యాయి. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా తెచ్చారు. అదే ఏడాది జె.జె. కాటన్ అనే అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో చరిత్ర విలువ ఉందనుకున్న సమాధుల మీది రాతలను జిల్లాల వారీగా పోగేసి వేశాడు. రాజుల దానాలకు ఒక పుస్తకం, దొరల గోరీలకు ఒక పుస్తకం. దొరల చర్చి రిజిస్టర్ల నకళ్ళు ఏటా మద్రాసుకూ అక్కణ్ణుంచి లండనుకూ పోయేవి, బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. అంటే నెల్లూరులో జ్వరంతో పోయిన ఒక సబ్ కలెక్టరు రాయి ఈరోజు పగిలి ముక్కలైనా ఆయన పేరు పోదు.

పెన్నా ఒడ్డు గారి ముత్తాత రాయిని ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు. ఉపదేశులు, ఇంటింటికీ పోయి బైబిలు చెప్పిన బైబిలు స్త్రీలు, ఆసుపత్రి ఆయాలు, మిషన్ బడి పంతుళ్ళు, వాళ్ళ రాళ్ళకు నకలు లేదు. వాన పడి అక్షరం అరిగిందంటే ఆ మనిషి పేరు లోకంలోంచి పోయినట్టే. తాళం తీయమని నేను అడిగేది ముందు వాళ్ళ కోసం.

పెన్నా ఒడ్డు
ఆదివారం, రాత్రి 9.05

మాస్టారూ, మీ చివరి పేరా మూడుసార్లు చదివాను. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

గంట స్తంభం గారూ, పసిబిడ్డ సమాధి మీద గాజు పెంకులు ఏరిన మనిషి మీద నాకు కోపం ఎట్లా వస్తుంది? మీరు తాళం వేసింది ప్రేమతోనే అని ఇప్పుడు అర్థమైంది.

స్వర్ణాల చెరువు
సోమవారం, ఉదయం 6.50

అస్సలాము అలైకుమ్, నమస్తే అందరికీ. మా ఇల్లు బారా షహీద్ దర్గాకు దగ్గర. పన్నెండు మంది అమరుల గోరీలు ఉన్న చోటు అది. మొహర్రంలో రొట్టెల పండుగ అంటే తెలియని తెలుగువాడు ఉండడు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, పెళ్ళి రొట్టె... చెరువు నీళ్ళలో నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు వచ్చి రొట్టె తిరిగి ఇస్తారు. లక్షల మంది వస్తారు, అన్ని మతాల వాళ్ళూ వస్తారు. 2015 నుంచి అది రాష్ట్ర పండుగ.

అంత జనం వచ్చినా గోరీల మీద ఎవరూ కాలు పెట్టరు. ఎందుకంటే ఎక్కడ చెప్పులు విప్పాలి, ఎటు నుంచి పోయి ఎటు రావాలి, ఎక్కడ తల వంచాలి అనేది ఊరు ఊరికంతా తెలుసు. చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. వచ్చేవాళ్ళు ఉన్నారు కాబట్టే పద్ధతి బతికి ఉంది. మూసేసిన చోట పద్ధతి కూడా మరిచిపోతారు. వీడియో తీసిన ఆ కుర్రాళ్ళకు బహుశా ఎవరూ ఎప్పుడూ చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకుపోయి ఉండరు.

మా ఖబరస్తాన్‌లలో షబ్-ఎ-బరాత్ రాత్రి దీపాలు పెట్టి పెద్దల దగ్గర దువా చేస్తాం. మామూలు రోజుల్లో కూడా పోవచ్చు. లోపలికి అడుగు పెడుతూనే పడుకుని ఉన్నవాళ్ళకు సలాం చెప్పాలి. గోరీ మీద కూర్చోకూడదు, దాటకూడదు. వేరే మతం వాళ్ళు ఎవరైనా మా పెద్దల గోరీలు చూస్తామంటే ఖబరస్తాన్ బాగోగులు చూసే ముతవల్లీ గారిని అడగండి. నమాజు వేళ కాకుండా, ఎవరినైనా గోరీలోకి దించుతున్న వేళ కాకుండా వస్తే కాదనరు. నేను దగ్గరుండి చూపిస్తాను.

మూలాపేట ఆడబిడ్డ
సోమవారం, మధ్యాహ్నం 3.10

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులుగా టెన్షన్ పడుతున్నాను. మీరంతా గేటు తాళం గురించి మాట్లాడుతున్నారు. నాకు తాళం లేని గేటే అడ్డం వచ్చింది.

మా అమ్మ పోయినప్పుడు నేను ఒక్కత్తే కూతుర్ని. పాడె వీధి మలుపు దాకా నడిచాను. అక్కడ మా బంధువులు ఆపేశారు. ఆడవాళ్ళు కాడు దాకా రాకూడదు, ఇంటికి పోయి స్నానం చెయ్యి అన్నారు. మా పినతండ్రి కొడుకు తలకొరివి పెట్టాడు. అమ్మ చివరికి ఎక్కడ పడుకుందో, ఏ గట్టు మీద కాల్చారో నేను చూడలేదు. వాళ్ళను తప్పు పట్టను, వాళ్ళకు తెలిసింది అదే. కానీ మూడేళ్ళు నాకు నిద్రలో అదే మలుపు కనపడేది.

పోయిన సంక్రాంతికి మా ఆయన నన్ను బోడిగాడి తోట శ్మశానానికి తీసుకుపోయాడు. నిజంగా కాళ్ళు వణికాయి. లోపలికి పోతే ఏముంది? పొంగలి, కొత్త బట్టలు, పూలదండలు పెట్టుకుని ఎన్నో కుటుంబాలు తమ పెద్దల సమాధుల దగ్గర కూర్చుని ఉన్నాయి. ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ ఉన్నారు. సున్నం కొట్టి, పసుపు పూసి, ఇంట్లో దేవుడి గదిలా చేసుకున్నారు. అక్కడ పనిచేసే పెద్దాయన ఒకరు నా మొహం చూసి, "ఎవరి కోసం వచ్చావు తల్లీ?" అని అడిగాడు. తేదీ చెప్పాను. ఆయనకు గుర్తుంది. ఆ రోజు ఎండ ఎట్లా ఉందో కూడా చెప్పాడు. ఒక గట్టు చూపించి, "ఇక్కడే, నేనే దగ్గరున్నా" అన్నాడు. పూలు అక్కడ పెట్టి కాసేపు కూర్చున్నాను. పక్కనే పెన్నా. ఆ రాత్రి నిద్రపట్టింది.

అందుకని పెన్నా ఒడ్డు అన్నకు ఒక మాట. రిజిస్టర్‌లో దొరకనిది కాపలా మనిషికి తెలిసి ఉండొచ్చు. ఆఫీసుకు పోయే ముందు ఆయన దగ్గర కూర్చోండి. గంట స్తంభం గారూ, తోట తెరవడం గురించి మాట్లాడేటప్పుడు ఆ కాపలా ఆయన జీతం గురించి కూడా మాట్లాడండి. దయచేసి.

పాత మున్సిపాలిటీ
సోమవారం, సాయంత్రం 4.45

తల్లీ, నా సర్వీసులో కొన్ని వేల మరణాలు పుస్తకంలో ఎక్కించాను. పోయిన మనిషి ఎక్కడున్నారని ఏ కూతురూ నన్ను అడగలేదు. అడగాలని ఉన్నా అడగలేకపోయారని ఈరోజు అనిపిస్తోంది.

గంట స్తంభం
మంగళవారం, రాత్రి 10.30

నిన్నంతా ఆలోచించాను. ఈ శనివారం మా కమిటీ కూర్చుంటుంది. నేను పెట్టబోయేది ఇది: నెలకు ఒక పూట, రెండో శనివారం, పొద్దున ఏడు నుంచి పది దాకా గేటు తెరుస్తాం. గేటు దగ్గర ఒక రిజిస్టర్. పేరు, ఊరు, ఫోను, ఎవరి కోసం వచ్చారు అనేది రాయాలి. కుటుంబం వాళ్ళను రుజువు అడగం. మిగతావాళ్ళు కూడా రావచ్చు, కానీ మాలో ఒకరి వెంట తిరగాలి. కాపలా ఆయనకు ఆ పూటకు విడిగా డబ్బులు ఇవ్వాలి. మూడు నెలలు చూసి, బాగుంటే కొనసాగిద్దాం.

ఫోటోల విషయంలో మాత్రం మా పెద్దలు ఒప్పుకోకపోవచ్చు. నాకే మనసు ఒప్పడం లేదు.

కందుకూరు మాస్టారు
మంగళవారం, రాత్రి 11.05

ఫోటో లేకుండా రాతలు ఎట్లా ఎక్కించుకోవాలి? అయ్యా, అక్షరాలు ఉన్న రాయిని మాత్రమే తీసి, అది కమిటీ దగ్గరే ఉంచే ఏర్పాటు చేస్తే? ఫేస్‌బుక్‌లో పెట్టనని సంతకం తీసుకోండి.

గంట స్తంభం
బుధవారం, ఉదయం 6.20

మాస్టారూ, పాత సమాధులకు సరే. నిన్న మొన్న పోయినవాళ్ళ సమాధులకు వద్దు. ఎక్కడ గీత గీయాలో నాకు ఇంకా తేలలేదు. కమిటీ ముందు పెడతాను.

చీమకుర్తి రాయి
బుధవారం, మధ్యాహ్నం 12.15

నేను గ్రానైట్ పాలిషింగ్‌లో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. మా చీమకుర్తి నల్లరాయి, గెలాక్సీ అంటారే, చుక్కలు మెరిసేది, అది ఓడలెక్కి ఎన్నో దేశాల్లో సమాధుల మీద పలకలుగా నిలబడి ఉంది. ఇక్కడ మన ఊళ్ళో మన పెద్దల పేరు చదవలేకపోతున్నారని చదివితే మనసు కలుక్కుమంది. నాకు తెలిసింది చెబుతాను, తోట తెరిచిన రోజు ఉపయోగపడుతుంది.

పాత సమాధుల మీద మీకు మూడు నాలుగు రకాల రాళ్ళు కనపడతాయి. దొరలవి ఎక్కువగా చలవరాయి. మనవాళ్ళవి కడప నాపబండ, మామూలు గ్రానైటు, కొన్ని ఇటుక కట్టి పైన సున్నం గచ్చు చేసినవి. నాపబండ పొరలు పొరలుగా లేస్తుంది. దాన్ని గట్టిగా రుద్దితే అక్షరం పొరతో సహా ఊడి చేతికొస్తుంది.

యాసిడ్ పోయొద్దు. బాత్రూం కడిగే ఏ మందూ వాడొద్దు. యాసిడ్ తగిలితే చలవరాయి బుస్సుమని పొంగి అక్షరాలు కరిగిపోతాయి. ఇనప బ్రష్షు వద్దు. మంచి నీళ్ళు, మెత్తని కుంచె, వెదురు పుల్ల, అంతే. రాయి ఊగుతుంటే, పెచ్చులు లేస్తుంటే ముట్టుకోనే వద్దు. చాక్‌పీసుతో అక్షరాల మీద దిద్దడం కూడా మంచిది కాదు, గీతలు పడతాయి. దానికి బదులు పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి, గుంటలో నీడ నిలిచి అక్షరం దానంతట అదే లేస్తుంది. రాయి నీడలో ఉంటే ఇంకో మనిషి ఒక నిలువుటద్దం పట్టుకుని పక్కనుంచి ఎండ పడేటట్టు తిప్పాలి. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ చదవలేదన్న రాయిని నేను ఇట్లా అద్దం పట్టి చదివించాను.

గచ్చు గోరీలకు పగులు కనపడిందని సిమెంటు మెత్తొద్దు. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు, రెండేళ్ళలో గచ్చు మొత్తం ఉబ్బి రాలుతుంది. సున్నమే వాడాలి.

రంగు గురించి ఒక ముఖ్యమైన సంగతి. అరిగిన అక్షరాలకు నల్లరంగు దిద్దించే అలవాటు ఉంది. దిద్దేవాడు 3ను 8 అనుకుంటే మనిషి చనిపోయిన ఏడాదే మారిపోతుంది, ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా అదే రాసుకుంటారు. ముందు చదవండి, పుస్తకంలో రాసుకోండి, ఇద్దరు ముగ్గురు సరిచూడండి. రంగు తర్వాత సంగతి. పాత రాళ్ళ మీద తెలుగు అంకెలు ఉంటాయి, వాటిని ఈ కాలం పెయింటరు చదవలేడు.

కంపలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. రక్తపింజర, కట్లపాము రెండూ ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పోకపోవడమే మంచిది. సంక్రాంతి తర్వాత గడ్డి ఎండిపోతుంది, అప్పుడు సుఖం.

స్వర్ణాల చెరువు
బుధవారం, మధ్యాహ్నం 12.40

భాయ్, అద్దం నేను తెస్తాను. మా దుకాణంలో ఉంది.

గంట స్తంభం
ఆదివారం, మధ్యాహ్నం 2.00

నిన్న కమిటీ కూర్చుంది. రెండున్నర గంటలు పట్టింది. ఇద్దరు పెద్దలు చివరి దాకా ఒప్పుకోలేదు. మూలాపేట అమ్మాయి రాసింది పేరు చెప్పకుండా చదివి వినిపించాను. వాళ్ళలో ఒకాయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత సరే అన్నాడు. రెండో ఆయన ఇంకా కాదనే అన్నాడు, ఆయన మాట కూడా మినిట్స్‌లో రాశాం. మూడు నెలలకు అనుమతి ఇచ్చారు. ఫోటోలు: 1950కి ముందు రాళ్ళవి మాత్రమే, కాపీ కమిటీకి ఇవ్వాలి. కాపలా ఆయనకు ఆ పూటకు విడిగా ఇస్తాం, నెల జీతం పెంచే మాట వచ్చే మీటింగులో.

పెన్నా ఒడ్డు గారూ, మీ ముత్తాత మా తోటలో ఉన్నా లేకున్నా మొదటి రోజు మీరు రావాలి.

పెన్నా ఒడ్డు
నెలన్నర తర్వాత, శనివారం, రాత్రి 8.40

రాత్రి బండికి బయలుదేరే ముందు స్టేషన్‌లో కూర్చుని రాస్తున్నాను.

మా ముత్తాత అక్కడే ఉన్నాడు. నేను వెనక్కి తిరిగి పోయిన గేటు గంట స్తంభం గారి తోటదే. నిన్న సాయంత్రం ఫోన్‌లో ఇద్దరికీ తెలిసింది, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

పొద్దున ఏడుకల్లా పదకొండు మంది వచ్చారు. రిజిస్టర్‌లో మొదటి సంతకం మూలాపేట చెల్లెమ్మతో పెట్టించారు. ఆమె అడిగినట్టు నేను ముందు కాపలా ఆయన దగ్గర కూర్చున్నాను. నాకు ఈస్టరు చీకట్లో గుర్తున్నది చెప్పాను: ఎడమ చేతి వైపు పెద్ద వేపచెట్టు, దాని తర్వాత చిన్న మెట్టు. వేపచెట్టు తుఫానుకు పడిపోయిందట, మొద్దు మాత్రం ఉంది. ఆయన కర్రతో తడుతూ ముందు నడిచాడు, నేను వెనక.

కంపలో నాలుగు రాళ్ళు. చీమకుర్తి అన్న నీళ్ళు చల్లి కుంచెతో మట్టి తీశాడు. స్వర్ణాల చెరువు భాయ్ అద్దం పట్టాడు. మూడో రాయి మీద ఎండ పడగానే మాస్టారు ముందుకు వంగి పైకి చదివారు. ముందు ముత్తాత పేరు, ఇంటి పేరుతో సహా. దాని కింద "ఉపదేశి". ఆ కింద "ప్రభువునందు నిద్రించెను". తేదీ తెలుగు అంకెల్లో ఉంది: ౧౯౩౬, అంటే 1936. నెల ఉన్న చోట పెచ్చు లేచిపోయింది. మాస్టారు నోటుపుస్తకంలో అక్షరం పోల్చుకుంటూ రాశారు, చీమకుర్తి అన్న సరిచూశాడు, నేను సంతకం పెట్టాను. నాయన కండువా నాతో తెచ్చుకున్నాను. దానితోనే తుడిచాను.

మిగతా మూడు రాళ్ళలో ఒకటి ఒక బైబిలు స్త్రీది, పేరు పూర్తిగా ఉంది. ఒకటి చిన్న రాయి, పసిబిడ్డది. నాలుగోది చదవలేకపోయాం, నేలలో సగం దిగిపోయింది. పది గంటలకు ఇరవై ఆరు పేర్లు పుస్తకంలోకి ఎక్కాయి.

కందుకూరు మాస్టారు
ఆదివారం, ఉదయం 6.05

ఇరవై ఏడు. గేటు పక్కన గోడలో కలిపి కట్టేసిన పలక ఒకటి ఉంది, పోతూ పోతూ చూశాను. బడి పంతులుది. పేరులో మొదటి రెండు అక్షరాలు సిమెంటు కింద ఉన్నాయి, వాళ్ళ కుటుంబం ఎవరైనా ఇది చదువుతుంటే రాయండి.

గంట స్తంభం
ఆదివారం, మధ్యాహ్నం 1.30

వచ్చే రెండో శనివారానికి ఉత్తరం వైపు వరసలు. లోపల కుళాయి లేదు, వచ్చేవాళ్ళు తలా ఒక బకెట్టు తెచ్చుకోండి. బూట్లు వేసుకుని రండి.